ప్రశ్న–జవాబు: పార్స్ చేసిన కోడ్‌ను దాచుకునే క్లాసు

ప్రశ్న: మా జట్టు రాసే పైథాన్ ప్రోగ్రాములలో తప్పులు పట్టడానికి ఒక చిన్న లింటర్ తయారు చేసుకున్నాం. అందులోని ప్రతి రూలూ తనకు కావలసిన ఫైలును తానే తెరిచి, పైథాన్ కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడగొట్టి ట్రీగా మలిచే ఏఎస్‌టీ మాడ్యూల్‌లోని పార్స్ ఫంక్షన్‌కు ఇచ్చి, వచ్చిన ట్రీలో వెతుక్కునేది. ఒకే ఫైలు పదేపదే పార్స్ అవుతోందని గమనించి, ఫైలు పాత్‌ను కీగా, ట్రీని విలువగా ఉంచే డిక్షనరీని ‘డాక్యుమెంట్’ అనే క్లాసులో పెట్టాను. వేగం బాగా పెరిగింది. అయితే ఆ లింటర్‌ను ఎడిటర్ వెనుక నిరంతరం నడిచేలా మార్చిన తరువాత మూడు చిక్కులు వచ్చిపడ్డాయి. ఫైలును సరిదిద్ది సేవ్ చేసినా పాత తప్పులే కనిపిస్తున్నాయి. రూల్స్ నడిచే వరుస మారిస్తే ఫలితాలు మారుతున్నాయి. సాయంత్రమయ్యేసరికి ప్రోగ్రాము తినే మెమరీ విపరీతంగా పెరుగుతోంది. ఈ క్లాసును ఎలా రాస్తే బాగుంటుంది?
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: మీ డిక్షనరీ ‘ఈ పాత్‌కు ఈ ట్రీ’ అని చెబుతోంది. కానీ ట్రీ పాత్ నుంచి పుట్టదు. ఫైలులోని బైట్లు, పార్స్ ఫంక్షన్‌కు ఇచ్చిన ఆప్షన్లు, ఆ పని చేసిన పైథాన్ వెర్షన్ అనే మూడింటి నుంచి పుడుతుంది. వీటిలో ఏది కీలో లేకపోయినా, అది మారిన రోజున మీ క్లాసు తప్పు జవాబు ఇస్తుంది. పుట్టిన తరువాత ఆ ట్రీని ఎవరైనా మార్చినా, కీ ఎంత సరిగా ఉన్నా ప్రయోజనం ఉండదు. మీరు చెప్పిన మొదటి రెండు చిక్కులూ సరిగ్గా ఈ రెండు చోట్ల నుంచే వచ్చాయి.

క్లాసు సంగతికి వెళ్లే ముందు మీ పాత లింటర్ గురించి ఒక మాట. ఎడిటర్‌తో పని లేకుండా ఒక్కసారి నడిచి ముగిసే లింటర్‌కు క్యాష్ (ఒకసారి చేసిన పని ఫలితాన్ని దాచుకునే చోటు) అక్కరలేదు. రూల్స్ బయటి లూపులోనూ ఫైళ్లు లోపలి లూపులోనూ ఉన్నందువల్ల ఒకే ఫైలు అన్నిసార్లు పార్స్ అయింది. ఆ రెండు లూపులను తారుమారు చేసి, ఒక ఫైలును పార్స్ చేసి, అన్ని రూల్స్‌నూ దానిమీద నడిపి, ఆ ట్రీని వదిలేసి తరువాతి ఫైలుకు వెళితే సరిపోయేది. కంటిన్యుయస్ ఇంటిగ్రేషన్ సర్వర్‌లో (కొత్త కోడ్ చేరినప్పుడల్లా తనిఖీలు నడిపే చోట) నడిచే వెర్షన్‌ను ఇప్పటికీ అలాగే ఉంచుకోమని నా సలహా. నిరంతరం నడిచే ప్రక్రియకు మాత్రం క్యాష్ నిజంగానే కావాలి.

కీగా వాడవలసింది ఫైలులోని బైట్ల హ్యాష్, అంటే ఆ బైట్ల నుంచి లెక్కగట్టే పొట్టి గుర్తింపు విలువ. ఫైలును బైనరీ విధానంలో చదివి, హ్యాష్‌లిబ్ మాడ్యూల్‌లోని షా-256తో గానీ బ్లేక్2తో గానీ డైజెస్ట్ (ఆ హ్యాష్ విలువ) తీయండి. పైథాన్ సొంత హ్యాష్ ఫంక్షన్‌ను ఇందుకు వాడకూడదు. వెర్షన్ 3.3 నుంచి అది స్ట్రింగులకూ బైట్లకూ ప్రతి ప్రక్రియలో వేరే విలువ ఇచ్చేలా ఉంటుంది కనుక, రేపు ఆ కీని డిస్కులో పెట్టుకోవాలనుకుంటే పనికిరాదు. పార్స్ ఫంక్షన్‌కు కూడా ఆ బైట్లనే నేరుగా అందించండి. మీరే ముందుగా యూటీఎఫ్-8 అనుకుని డీకోడ్ చేస్తే, ఫైలు మొదటి రెండు వరుసలలో వేరే ఎన్‌కోడింగ్‌ను ప్రకటించిన పాత ప్రోగ్రాముల దగ్గర దెబ్బతింటారు. బైట్లు ఇస్తే ఆ ప్రకటనను పార్సరే చూసుకుంటుంది. డైజెస్ట్‌తో పాటు మోడ్, టైప్ కామెంట్లు, ఫీచర్ వెర్షన్ అనే ఆప్షన్లను కూడా కలిపి ఒక టపుల్‌గా కీ తయారు చేయండి. ఇవాళ మీరు ఆ ఆప్షన్లను వాడకపోయినా, రేపు మీ జట్టులో మరొకరు టైప్ కామెంట్లు కావాలని ఒక రూల్ రాసిన రోజున, అవి లేని ట్రీ వారి చేతికి చేరకుండా ఉంటుంది.

‘ప్రతిసారీ ఫైలంతా చదివి హ్యాష్ తీయాలా, సవరణ సమయం చూస్తే చాలదా?’ అని మీరు అడగవచ్చు. చదివి హ్యాష్ తీయడానికయ్యే ఖర్చు పార్స్ చేయడంతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి ముందు హ్యాష్ ఒక్కదానితోనే రాసి, కొలిచి, నిజంగా చాలదని తేలితేనే సవరణ సమయాన్ని అడ్డదారిగా చేర్చండి. చేర్చేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ‘పాతదానికంటే కొత్తదా?’ అని కాదు, ‘పాతదానితో సమానమా?’ అని పోల్చాలి. ఆర్కైవ్ నుంచి ఫైలును వెలికితీసినప్పుడో, సమయాలను అలాగే ఉంచి కాపీ చేసినప్పుడో కొత్త సరుకు పాత తేదీతో వచ్చి కూర్చుంటుంది. రెండవది, సమయంతో పాటు ఫైలు సైజునూ ఐనోడ్ సంఖ్యనూ (ఫైల్ సిస్టమ్ ఆ ఫైలుకు ఇచ్చే సంఖ్యనూ) కలిపి చూడాలి. మూడవది, ఫైల్ సిస్టమ్ గడియారం మనం అనుకున్నంత సూక్ష్మమైనది కాదు. పెన్‌డ్రైవులలో కనిపించే ఫ్యాట్ పద్ధతిలో సవరణ సమయం 2 సెకన్ల మెట్లలో నమోదవుతుంది. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లో 1 సెకను. లైనక్స్‌లోని ఎక్స్‌ట్4 నానోసెకన్ల స్థానం కేటాయించినా, చాలా కెర్నెళ్లలో ఆ విలువ గడియారపు టిక్‌తో పాటే మారుతుంది. ఆ వ్యవధిలోపల ఒక అక్షరానికి బదులు మరో అక్షరం పెట్టి రెండుసార్లు సేవ్ చేస్తే సైజూ మారదు, సమయమూ మారదు. గిట్ తన ఇండెక్స్‌లో ఇదే సమస్యను ఎదుర్కొని, సవరణ సమయం ఇండెక్స్ రాసిన సమయానికి ముందుది కాకపోతే ఆ ఫైలు లోపలి సరుకునే పోల్చి చూస్తుంది. మీరూ అదే చేయండి. ఫైలు సవరణ సమయం మీరు చదివిన క్షణానికి రెండు మూడు సెకన్ల లోపుదైతే దానిని నమ్మక హ్యాష్ తీయండి. పైథాన్ కంపైల్ చేసి దాచే పైక్ ఫైళ్లు సైతం మామూలుగా మూలఫైలు సవరణ సమయాన్ని సెకన్లలోనూ, దాని సైజునూ మాత్రమే 16 బైట్ల హెడర్‌లో ఉంచుకుంటాయి. వెర్షన్ 3.7లో పెప్ 552 అనే ప్రతిపాదన ద్వారా హ్యాష్ ఆధారిత పైక్ ఫైళ్లను ప్రవేశపెట్టడానికి ఒక కారణం ఈ సమయాల మీద ఆధారపడటమే.

నాలుగవ సంగతిని చాలామంది పట్టించుకోరు. ఫైలు స్టాట్‌ను (సమయం, సైజు వంటి వివరాలను) ఫైలును చదవడానికి ముందే తీసుకోవాలి, తరువాత కాదు. మీరు చదవడం పూర్తయి, స్టాట్ అడిగేలోపు ఎవరైనా ఫైలును సేవ్ చేశారనుకోండి. పాత సరుకు పక్కన కొత్త సమయం నమోదవుతుంది, ఆ తప్పు మళ్లీ ఎవరో ఆ ఫైలును తాకేదాకా అలాగే ఉండిపోతుంది. ముందే స్టాట్ తీసుకుంటే కొత్త సరుకుకు పాత సమయం తగులుతుంది. దానివల్ల తరువాతిసారి అనవసరంగా ఒక్కసారి చదవవలసి వస్తుందే తప్ప తప్పుడు జవాబు రాదు.

దీనిని బట్టి మీ క్లాసు రెండు అంతస్తులుగా విడిపోతుంది. పై అంతస్తులో పాత్ నుంచి స్టాట్ వివరాలకూ డైజెస్ట్‌కూ దారి ఉంటుంది. కింది అంతస్తులో డైజెస్టూ ఆప్షన్లూ కలిసిన కీ నుంచి పార్స్ అయిన సరుకుకు దారి ఉంటుంది. ఏఎస్‌టీ నోడ్లలో (ట్రీలోని ఒక్కొక్క భాగంలో) ఫైలు పేరు ఎక్కడా ఉండదు కాబట్టి, ఒకే సరుకు ఉన్న రెండు ఫైళ్లు ఒకే ట్రీని పంచుకోవచ్చు. ప్యాకేజీల నిండా ఉండే ఖాళీ ‘__ఇనిట్__.పై’ ఫైళ్లన్నింటికీ కలిపి ఒకే ట్రీ చాలు. రూల్ చేతికి ఇచ్చే వస్తువులో మాత్రం పాత్ ఉండాలి. పాత్‌నూ పార్స్ అయిన సరుకునూ పక్కపక్కన పట్టుకున్న తేలికైన ఆబ్జెక్టును రూల్‌కు ఇవ్వండి. సేవ్ కాని ఎడిటర్ బఫర్‌కు కూడా ఈ అమరికే కలిసివస్తుంది. ఎడిటర్‌కూ కోడ్‌ను విశ్లేషించే సర్వర్‌కూ మధ్య సంభాషణ నియమాలుగా 2016లో వెలువడిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకారం, ఎడిటర్ ఒక డాక్యుమెంటును తెరిచినట్లు సర్వర్‌కు తెలిపినప్పటి నుంచి మూసేదాకా, దాని అసలు పాఠం ఎడిటర్ పంపినదే కానీ డిస్కులో ఉన్నది కాదు. బఫర్ పాఠాన్ని బైట్లుగా మార్చి నేరుగా కింది అంతస్తుకు పంపితే చాలు, పై అంతస్తుతో పని లేదు.

ఇక రూల్స్ వరుస మారితే ఫలితాలు మారడం. మీ రూల్స్‌లో ఏదో ఒకటి నోడ్‌ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడుతోందని నా అనుమానం. ఆ క్లాసు కొత్త ట్రీని తయారు చేయదు, ఇచ్చిన ట్రీనే అక్కడికక్కడ మారుస్తుంది. డాక్‌స్ట్రింగులను (ఫంక్షన్ మొదట్లో రాసే వివరణలను) తీసేసి చూసే రూల్ ముందు నడిస్తే, డాక్‌స్ట్రింగ్ ఉందో లేదో చూసే రూల్ ప్రతి ఫంక్షన్ మీదా ఫిర్యాదు చేస్తుంది. ఎవరికి వారు పార్స్ చేసుకున్నన్నాళ్లూ ఇది బయటపడలేదు, ట్రీని పంచుకోగానే బయటపడింది. మైక్రోసాఫ్ట్ 2014లో ఓపెన్ సోర్స్ చేసిన రోజ్లిన్ కంపైలర్‌లో సింటాక్స్ ట్రీలు అసలు మార్చడానికే వీలులేనివి. పైథాన్‌లో ఆ రక్షణ లేదు, కనుక కట్టుబాటు మీరే పెట్టుకోవాలి. క్యాష్ నుంచి వచ్చే ట్రీ చదవడానికి మాత్రమేనని చెప్పి, మార్చుకోవాలనుకునే రూల్స్‌కు వేరే మెథడ్ ఇవ్వండి. ఆ మెథడ్ లోపల డీప్‌కాపీ (ట్రీ మొత్తానికి నకలు) చేయాలని అందరికీ మొదట తోస్తుంది. కానీ పైథాన్ పార్సర్ సి భాషలో రాసినది, డీప్‌కాపీ పైథాన్‌లోనే ఒక్కొక్క నోడునూ నడిచివెళ్లేది. దాచి ఉంచిన బైట్లను మళ్లీ పార్స్ చేయడమే తరచుగా వేగంగా ఉంటుంది. ఈ కట్టుబాటును ఎవరు తప్పుతున్నారో పట్టుకోవడానికి, టెస్టులు నడిచేటప్పుడు మాత్రం ప్రతి రూల్‌కు ముందూ తరువాతా ఏఎస్‌టీ మాడ్యూల్‌లోని డంప్ ఫంక్షన్‌తో ట్రీని పాఠంగా తీసి పోల్చండి.

ట్రీని ‘మార్చడం’ అంటే నోడ్లు తీసేయడం ఒక్కటే కాదు. ఏఎస్‌టీ నోడ్లకు తమ పైనున్న నోడు ఏదో తెలియదు కనుక, చాలామంది ట్రీ అంతా తిరిగి ప్రతి నోడుకూ ‘పేరెంట్’ అనే యాట్రిబ్యూట్ తగిలిస్తారు. ఇక్కడ ఒక గమ్మత్తు ఉంది. ఒక పేరును చదువుతున్నామా, దానికి విలువ ఇస్తున్నామా అని చెప్పే లోడ్, స్టోర్ నోడ్లనూ, కూడిక వంటి ఆపరేటర్ నోడ్లనూ సీపైథాన్ (అందరూ మామూలుగా వాడే పైథాన్) పార్సర్ ప్రతిసారీ కొత్తగా సృష్టించదు, ఒక్కటే ఆబ్జెక్టును అన్ని ట్రీలలోనూ వాడుతుంది. రెండు వేర్వేరు పాఠాలను పార్స్ చేసి, వాటిలోని లోడ్ నోడ్లను ‘ఈజ్’తో పోల్చి చూడండి, నిజమనే వస్తుంది. దానికి పేరెంట్ తగిలిస్తే, చివరగా తగిలించిన ట్రీ ఆ ఉమ్మడి నోడును పట్టుకుని వేలాడుతూ, క్యాష్ నుంచి తీసేసిన తరువాత కూడా మెమరీలో మిగిలిపోతుంది. పేరెంట్ల పట్టికను ట్రీకి బయట, మీ డాక్యుమెంట్ క్లాసులోనే, అడిగినప్పుడు మాత్రమే తయారయ్యే డిక్షనరీగా ఉంచండి. వెర్షన్ 3.8 నుంచి ఉన్న క్యాష్డ్ ప్రాపర్టీ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. లోడ్, స్టోర్, ఆపరేటర్ నోడ్లను ఆ పట్టికలో చేర్చకండి.

మీ మూడవ చిక్కు సులువైనది. ప్రతి నోడూ తన సొంత యాట్రిబ్యూట్లను మోసుకునే పూర్తి స్థాయి పైథాన్ ఆబ్జెక్టు కాబట్టి, ట్రీ తీసుకునే చోటు మూలపాఠానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మీ డిక్షనరీ దేనినీ ఎప్పుడూ వదలదు. పాత్ బదులు హ్యాష్‌ను కీగా పెట్టగానే ఈ జబ్బు ముదురుతుందని కూడా గమనించండి. ఎడిటర్‌లో ప్రతి మార్పుకూ కొత్త కీ పుడుతుంది. ఎంతోకాలంగా వాడనిదానిని ముందు తీసేసే పద్ధతిలో కింది అంతస్తుకు ఒక పరిమితి పెట్టండి. ఆర్డర్డ్‌డిక్ట్‌లో చివరికి జరిపే మెథడ్ ఉంది కనుక ఇది కొన్ని వరుసల పని. పరిమితిని ఫైళ్ల సంఖ్యతో కాక వాటి మూలపాఠాల మొత్తం బైట్లతో పెడితే, ఎక్కడో ఒక భారీ ఫైలు ఉన్నా లెక్క తప్పదు.

సింటాక్స్ తప్పు ఉన్న ఫైలును కూడా క్యాష్ చేయడం మరవకండి. ఎడిటర్‌లో టైపు చేస్తున్నంతసేపూ ఫైలు సగం విరిగే ఉంటుంది. అప్పుడు ప్రతి రూలూ మళ్లీ పార్స్ చేయించి మళ్లీ విఫలమవుతుంది. అయితే ఎక్సెప్షన్ ఆబ్జెక్టునే దాచి మళ్లీ మళ్లీ రైజ్ చేయకండి, ప్రతిసారీ దాని ట్రేస్‌బ్యాక్ పొడుగవుతూ, అందులోని ఫ్రేములు తమ లోకల్ వేరియబుళ్లను విడిచిపెట్టకుండా పట్టుకుంటాయి. సందేశం, వరుస, కాలమ్ మాత్రం దాచి, అడిగినప్పుడు కొత్త ఎక్సెప్షన్ తయారు చేసి, అడిగినవారి పాత్‌ను అందులో పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: ఇంత క్లాసు రాసే బదులు పార్స్ చేసే మెథడ్ మీద ఫంక్‌టూల్స్‌లోని ఎల్‌ఆర్‌యూ క్యాష్ డెకరేటర్ (ఫంక్షన్ ఫలితాలను దానంతటదే దాచే సదుపాయం) పెడితే సరిపోదా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: బైట్లూ ఆప్షన్లూ తీసుకునే మామూలు ఫంక్షన్ మీద పెడితే చాలావరకు సరిపోతుంది. చిన్న పరికరాలకు నేనూ అదే చేయమంటాను. మెథడ్ మీద మాత్రం పెట్టకండి. సెల్ఫ్ కూడా కీలో భాగమై, ఆ ఆబ్జెక్టు క్యాష్‌లో ఉన్నంతకాలం మెమరీ నుంచి పోదు. బైట్లనే ఆర్గ్యుమెంటుగా ఇస్తారు కనుక మూలపాఠం మొత్తం కీగా నిలిచిపోతుంది, ట్రీ బరువు ముందు అది లెక్కలోకి రాదు. మీరేమీ చెప్పకపోతే పరిమితి 128. మీ ప్రాజెక్టులో 200 ఫైళ్లు ఉండి, వాటిని ఒకే వరుసలో తిప్పి తిప్పి చదివితే, ప్రతి ఫైలూ దాని వంతు వచ్చేసరికి సరిగ్గా బయటికి పోయి ఉంటుంది. అంటే క్యాష్ ఉన్నా ఒక్కసారీ ఉపయోగపడదు. క్యాష్ ఇన్ఫో అనే మెథడ్ హిట్లనూ మిస్సులనూ చెబుతుంది, దానిని ఒకసారి ముద్రించి చూడండి. ఈ డెకరేటర్ ఎక్సెప్షన్లను దాచదనీ, రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకే పాఠాన్ని అడిగితే రెండుసార్లూ పార్స్ జరగవచ్చనీ కూడా తెలుసుకుని ఉండాలి. రెండవది వృథా ఖర్చే కానీ తప్పు కాదు.

ప్రశ్న: ట్రీలను పికిల్ చేసి (పైథాన్ ఆబ్జెక్టులను బైట్లుగా మార్చి) డిస్కులో దాస్తే, ప్రోగ్రాము మళ్లీ మొదలైనప్పుడు వేగంగా ఉంటుంది కదా?
— పాఠకుడు, వరంగల్

జవాబు: ఏ పార్సర్ వాడుతున్నారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. ఎడిటర్ల కోసం పైథాన్ కోడ్‌ను విశ్లేషించే జెడై వెనుక ఉన్న పార్సో లైబ్రరీ తన ట్రీలను పికిల్ చేసి యూజర్ క్యాష్ డైరెక్టరీలో దాస్తుంది. ఆ పార్సర్ పూర్తిగా పైథాన్‌లో రాసినది కనుక దానికి అది లాభమే. ఏఎస్‌టీ మాడ్యూల్ విషయంలో పికిల్ నుంచి నోడ్లను తిరిగి నిర్మించే సమయం, మళ్లీ పార్స్ చేసే సమయానికి దగ్గరగానో ఎక్కువగానో ఉండే అవకాశం ఉంది కాబట్టి, కొలవకుండా ఈ పనికి దిగకండి. ట్రీకి బదులు రూల్స్ తేల్చిన ఫలితాలనే దాస్తే ఫైలు చిన్నది, లాభం పెద్దది. అప్పుడు కీలో రూల్స్ వెర్షన్ కూడా చేరాలి.

దాచాలనే నిర్ణయించుకుంటే పైథాన్ వెర్షన్ కీలో ఉండి తీరాలి. ఒక జాబితాలోని సున్నావ అంశాన్ని అడిగే చిన్న వ్యక్తీకరణనే తీసుకోండి. వెర్షన్ 3.8లో ఆ సున్నా ‘ఇండెక్స్’ అనే నోడు లోపల కాన్‌స్టంట్‌గా కనిపించేది. 3.9లో ఇండెక్స్ నోడును తొలగించారు, కాన్‌స్టంట్ నేరుగా కనిపిస్తుంది. నిన్న పాత వెర్షన్ దాచిన ట్రీని ఇవాళ కొత్త వెర్షన్‌కు రాసిన రూల్ చదివితే, అది ఏ ఫిర్యాదూ లేకుండా దాటుకుపోతుంది. రాసేటప్పుడు అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైలుకు రాసి, ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో పేరు మార్చండి, అప్పుడు పక్క ప్రక్రియ సగం రాసిన ఫైలును చదవదు. పికిల్‌ను తెరవడమంటే అందులోని కోడ్‌ను నడవనివ్వడమే కనుక, ఇతరులు రాయగలిగే డైరెక్టరీలో దీనిని ఎన్నడూ ఉంచకూడదు.

ప్రశ్న: మా ప్రోగ్రాములలో సందేశాలు తెలుగులో ఉంటాయి. అలాంటి వరుసలలో లింటర్ చూపే గీత తప్పుకన్నా కుడివైపు జరిగి పడుతోంది. ఇది క్యాష్ లోపమా?
— పాఠకురాలు, తిరుపతి

జవాబు: క్యాష్ లోపం కాదు, కానీ దీని మందు ఆ క్లాసులోనే ఉండాలి. ఏఎస్‌టీ ఇచ్చే కాలమ్ సంఖ్య అక్షరాల లెక్క కాదు, యూటీఎఫ్-8 బైట్ల లెక్క. తెలుగు కోడ్‌పాయింట్లలో (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న గుర్తులలో) ఒక్కొక్కటీ 3 బైట్లు. ప్రింట్ ఫంక్షన్‌కు మొదట “పేరు” అనే స్ట్రింగునూ, కామా, ఒక ఖాళీ తరువాత ఎక్స్ అనే వేరియబుల్‌నూ ఇచ్చారనుకోండి. ఆ స్ట్రింగులో ప, ఏత్వం, ర, కొమ్ము అనే 4 కోడ్‌పాయింట్లు, అంటే 12 బైట్లు ఉన్నాయి. సున్నా నుంచి లెక్కిస్తే ఎక్స్ ఉన్నది 14వ స్థానంలో అయితే, ఏఎస్‌టీ 22 అని చెబుతుంది. గీత 8 స్థానాలు జరిగిపోతుంది. ఇంగ్లీషు మాత్రమే ఉన్న టెస్టు ఫైళ్లలో ఈ తేడా కనిపించదు.

డాక్యుమెంట్ క్లాసు ట్రీతో పాటు మూలపాఠాన్ని యూటీఎఫ్-8 బైట్ల వరుసలుగా విడగొట్టి దాచాలి. కావలసిన వరుసను కాలమ్ సంఖ్య దాకా కోసి, డీకోడ్ చేసి, పొడవు కొలిస్తే అక్షర స్థానం వస్తుంది. విడగొట్టేటప్పుడు స్ట్రింగుల స్ప్లిట్‌లైన్స్‌ను కాక బైట్ల స్ప్లిట్‌లైన్స్‌ను వాడండి. స్ట్రింగులది ఫారమ్‌ఫీడ్ వంటి గుర్తుల దగ్గర కూడా కొత్త వరుస అనుకుంటుంది, పైథాన్ పార్సర్ అలా అనుకోదు, దాంతో వరుస సంఖ్యలు తప్పుతాయి. ఏఎస్‌టీ మాడ్యూల్‌లోనే ఉన్న గెట్ సోర్స్ సెగ్మెంట్ ఈ పని చేసిపెడుతుంది కానీ పిలిచిన ప్రతిసారీ పాఠాన్ని మళ్లీ వరుసలుగా విడగొడుతుంది కనుక, వందల నోడ్ల మీద పిలిస్తే క్యాష్ వల్ల మిగిలిన సమయమంతా అక్కడే ఖర్చవుతుంది. లాంగ్వేజ్ సర్వర్ ద్వారా ఎడిటర్‌కు పంపుతున్నట్లయితే అక్కడ అలవాటు లెక్క యూటీఎఫ్-16 యూనిట్లది. తెలుగు లిపికి అది కోడ్‌పాయింట్ల లెక్కతో సమానమే అయినా, సందేశంలో ఒక ఎమోజీ చేరగానే రెండూ విడిపోతాయి కనుక, స్థానాన్ని యూటీఎఫ్-16లో ఇచ్చే మెథడ్‌ను విడిగా రాయించండి.